అంచు మీది నల్లచుక్కలు

తుడవడంలో రీలమ్మను మించినవాళ్ళు లేరని ఆ మ్యూజియంలో పేరు. ఆమె అసలు పేరు హాజరుపట్టీలో ఉంది కానీ, దాన్ని నోటితో పిలిచి ఎన్నేళ్ళయిందో ఎవరికీ గుర్తు లేదు. పాత ఫిల్ము రీళ్ళను బాగుచేసి, ప్రొజెక్టరుకెక్కించి ఆడించడం ఆమె పని. యాభై ఎనిమిదేళ్ళు. బూజు పట్టిన రీలు, జిడ్డు కారే రీలు, తడిసి అట్టకట్టిన రీలు, ఏది తెచ్చి బల్ల మీద పెట్టినా వారం తిరక్కుండా కడిగిన ముత్యంలా చేసి ఇచ్చేది. తన చేతి గొప్పతనం ఆమెకూ తెలుసు. తెలియకపోయి ఉంటే ఈ కథ ఇంత దూరం వచ్చేది కాదు.

ఆ మ్యూజియంలో నెలకోసారి, మొదటి ఆదివారం మధ్యాహ్నం, 'చూపూ చప్పుడూ' అని ఒక కార్యక్రమం జరుగుతుంది. గోడల మీద ఎవరివో బొమ్మలుంటాయి, వాటికి చుట్టమనిపించే ఫిల్ము ఒకటి తెర మీద ఆడుతుంది, ఆ రెండింటికీ తోడుగా ఎవరో ఒకరు కూర్చుని సంగీతం లాంటిది వాయిస్తారు. సంగీతం లాంటిది అన్నది కాపలావాళ్ళ మాట. ఎక్కువసార్లు వాయించే ఆయన రేకు డబ్బాలూ, స్క్రూలు బిగించిన వయొలినూ, సగం చచ్చిన రేడియో ఒకటీ ముందేసుకుని కూర్చుంటాడు కాబట్టి ఆయనకు రేకుల మాస్టారని పేరు పెట్టిందీ వాళ్ళే. ఒకసారి ఆయన వాయిస్తుండగా వైరింగు కాలుతోందనుకుని ఒక కాపలాదారు పరిగెత్తి మెయిను ఆపేశాడు. హాలంతా చీకటి, నిశ్శబ్దం. జనం అది కూడా కచేరీలో భాగమే అనుకుని చప్పట్లు కొట్టారు. రీలమ్మ ఆ సంగతి తలుచుకుని వారం రోజులు నవ్వుకుంది.

ఈ నెల గోడలకెక్కినవి ఆమె అక్క బొమ్మలు.

అక్కాచెల్లెళ్ళకు ఆరేళ్ళుగా మాటల్లేవు. ఆస్తి తగాదా కాదు, పెళ్ళి తగాదా కాదు, ఒక్క మాట దగ్గర వచ్చింది. ఇద్దరూ అద్దె ఇళ్ళలో పెరిగారు. అక్క చేతికి బొగ్గుముక్క దొరికితే గోడ నిండేది, సుద్దముక్క దొరికితే నేల నిండేది. ఇంటి ఓనరు వస్తున్నాడంటే అమ్మ తడిగుడ్డ తెచ్చి చిన్నదాని చేతిలో పెట్టేది, ఎందుకంటే పెద్దది చచ్చినా తుడవదు. గీసేది అది, తుడిచేది ఇది అని ఆ ఇంట్లో ఒక సామెతే పుట్టింది. అక్క పెద్దదై పేరు తెచ్చుకుంది. ఆరేళ్ళ క్రితం ఆమె బొమ్మల ప్రదర్శనలో చుట్టూ పదిమంది చేరినప్పుడు ఎవరో చెల్లెల్ని కదిపారు, మీ అక్కగారి కళ గురించి రెండు ముక్కలు చెప్పండి అని. "చిన్నప్పట్నుంచీ దాని గీతలు తుడిచి తుడిచి నా చెయ్యి అరిగిపోయింది, ఇంకేం చెప్పను" అంది రీలమ్మ. అందరూ పగలబడి నవ్వారు. అక్క నవ్వలేదు.

ఆ తరవాత ఫోను చేస్తే ఎత్తలేదు. ఇంటికి వెళితే తలుపు సగం తీసి, ఏం పని అని అడిగింది. కాలు జారితే తీసుకోవచ్చు గానీ నోరు జారితే తీసుకోలేమంటారు. సరదాకన్న మాటే కదా అని రీలమ్మ తనకు తాను నచ్చజెప్పుకునేది కానీ, నిజం చెప్పాలంటే అది పూర్తిగా సరదా కాదు. అక్క గీతలు ఆమెకు ఏనాడూ అర్థం కాలేదు. తనకు అర్థం కానిదాన్ని నలుగురూ నెత్తిన పెట్టుకుంటుంటే ఆమెకు ఒళ్ళు మండేది.

బొమ్మలతో పాటు అక్క ఒక రేకు డబ్బా కూడా మ్యూజియానికి ఇచ్చింది. చెల్లెలి చేతికి కాదు, కార్యక్రమాల ఆఫీసరు చేతికి. అందులో తొమ్మిది నిమిషాల ఫిల్ము. కెమెరాతో తీసింది కాదు. నలభయ్యేళ్ళ క్రితం అక్క రంగుసిరాలతో, సన్న కుంచెతో, అంగుళం అంగుళం నేరుగా ఫిల్ము పట్టీ మీదే గీసింది. ఆ పట్టీ ఎక్కడిదో రీలమ్మకు బాగా తెలుసు. అప్పట్లో తను స్కూళ్ళకు తిరిగి పిల్లలకు చిన్న ఫిల్ములు వేసే ఆఫీసులో సహాయకురాలు. పళ్ళు తోముకోవడం గురించిన ఫిల్ము ఒకటి అరిగిపోయిందని పారేస్తుంటే ఇంటికి పట్టుకొచ్చింది. అక్క దాన్ని బకెట్టులో బ్లీచింగు నీళ్ళలో నానబెట్టి, పళ్ళూ బ్రష్షులూ మాయమయ్యేదాకా కడిగింది. ఫిల్ముకు ఒక అంచున, బొమ్మ పక్కనే, సన్నటి శబ్దపు పట్టీ ఉంటుంది. ప్రొజెక్టరులో చిన్న దీపం దానిగుండా వెలుగుతుంది. అక్కడి నలుపూ తెలుపూ మారే తీరును బట్టి మాటో పాటో వినిపిస్తుంది. ఆ పట్టీని కూడా అక్క తెల్లగా కడిగేయడం రీలమ్మ కళ్ళారా చూసింది. కొన్ని నెలల తరవాత గీయడం అయ్యాక, ఒక్కసారి ఆడించి చూపించవే అని అక్క అడిగింది. రంగు రాలి యంత్రం పాడైతే నా ఉద్యోగం ఊడుతుందని చెల్లెలు డబ్బా మూత కూడా తీయకుండా వెనక్కి ఇచ్చేసింది.

కాబట్టి అది మూగ ఫిల్మని ఆమెకు ఒకరు చెప్పనక్కరలేదు. కొత్తవాళ్ళెవరైనా అయితే భూతద్దం పెట్టి చూసేవాళ్ళు. తనకు తెలుసు కాబట్టి రీలమ్మ చూడలేదు.

పద్ధతి ప్రకారం ముందు నకలు తీయించాలి, తరవాతే తుడవాలి. కానీ డబ్బా మూత తీస్తే ముక్కు పగిలే వాసన. నకలు తీసే ల్యాబువాళ్ళు బూజున్న రీలు మా యంత్రం మీద పెట్టం, శుభ్రం చేసి పంపండని తిప్పి పంపారు. ఆదివారానికి ఐదు రోజులే ఉంది. మంగళవారం పొద్దున రీలమ్మ తన గది తలుపు వేసుకుని, బల్ల మీది రెండు చక్రాలకు రీలు తగిలించి, మెత్తటి గుడ్డను మందులో ముంచి పనిలోకి దిగింది. రంగులున్న మధ్యభాగం జోలికి పోలేదు. అక్క మీద ఎంత కోపమున్నా ఒకరు వేసిన రంగు మీద చెయ్యి వేసే మనిషి కాదు. అంచున మాత్రం పొడుగునా నల్లటి చుక్కలు. పాత రీళ్ళలో బూజు ముందుగా పట్టేది అంచులకే. ఎడంచేత్తో చక్రం తిప్పుతూ, కుడిచేతి రెండువేళ్ళ మధ్య గుడ్డలోంచి అంచును పోనిస్తూ కూర్చుంది. చుక్కలు తేలిగ్గా వచ్చేశాయి. ఒక గుడ్డ నల్లబడితే రెండోది, రెండోది నల్లబడితే మూడోది. చేసిన పని కంటికి కనబడుతుంటే ఎవరికైనా హుషారు పుడుతుంది. ఆమె కూనిరాగం కూడా తీసింది.

నాలుగో గుడ్డ అందుకోబోతూ, అలవాటు కొద్దీ తరవాతి ముక్కను లైటు మీద పెట్టి చూసింది. చుక్కలు వరసలో ఉన్నాయి. సన్నగా మొదలై లావెక్కి మళ్ళీ సన్నబడ్డాయి. కొన్నిచోట్ల దువ్వెన పళ్ళలా సమానమైన ఎడంతో నిలబడ్డాయి. వాటి పక్కన, వెంట్రుక కన్నా సన్నటి గీతతో, సిరాలో వేసిన అంకెలు. పన్నెండు, పన్నెండు, పది, ఎనిమిది. బూజుకు అంకెలు రావు.

రీలమ్మ చక్రం వదిలేసింది. అక్క పాత శబ్దాన్ని కడిగేసింది ఖాళీ చేయడానికి కాదు, తన శబ్దం తాను గీసుకోవడానికి. చేత్తో, చుక్క చుక్కగా. దాన్ని తను రెండున్నర గంటల్లో మూడు గుడ్డలకు ఎత్తింది. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందని జనం ఊరికే అనరు.

తొమ్మిది నిమిషాల ఫిల్ములో ఇంకా గుడ్డ తగలనిది చివరి ఇరవై నాలుగు అడుగులు. నలభై సెకన్లు. బల్ల మీద శబ్దం చదివే చిన్న పెట్టె ఒకటుంది. ఆ ముక్కను దానిలోంచి పోనిచ్చింది. లోతైన గొంతు లాంటిదొకటి మూలిగి, మెట్టుమెట్టుగా పైకి లేచింది, ఎవరో బరువు మోసుకుంటూ మేడ ఎక్కుతున్నట్టు. పైకొచ్చాక ఆగింది. చిటికెల్లాంటి చప్పుళ్ళు నాలుగు, ఒకదానికొకటి దూరమవుతూ. అంతే. ఆమె మళ్ళీ విన్నది, మరో రెండుసార్లు విన్నది. కథంతా అయిపోయాక గుమ్మంలోకి వచ్చి చివరి మాట మాత్రం విన్న మనిషిలా ఉంది ఆమె పరిస్థితి. అంతకు ముందు ఏం జరిగిందో ఇక ఎవరూ చెప్పలేరు.

బుధవారం కార్యక్రమాల ఆఫీసరు దగ్గరకు వెళ్ళి ఉన్నదున్నట్టు చెప్పింది. అతను చెడ్డవాడు కాదు, నెత్తి మీదికి ఏదీ రానివ్వని మనిషి. ముందు ముఖం పాలిపోయింది, తరవాత ఫైలు తీసి కాగితాలు తిరగేశాడు, అందులో అక్క రాసిన ఉత్తరం బయటపడింది. అది వచ్చిన రోజు పైన నాలుగు వాక్యాలు చదివి, మిగతాది తరవాత చూద్దామని పక్కన పెట్టాడట. ఆ మిగతాలో ఇలా ఉంది: అంచున ధ్వని గీశాను. కంటికి బాగుంది, చెవికి ఎలా ఉంటుందో నాకూ తెలియదు, ఎందుకంటే నేనెప్పుడూ వినలేదు. చేతులు వణుకుతున్నాయి, ఇలాంటిది ఇక గీయలేను. ఒక్కసారి వింటే చాలు.

ఉత్తరం చదివాక ఆఫీసరు తలుపు వైపు ఒకసారి చూసి గొంతు తగ్గించాడు. "ఆవిడే వినలేదంటున్నారు కదండీ. ఎవరూ విననిది పోయిందని ఎవరికి తెలుస్తుంది? మాస్టారు ఏదో ఒకటి వాయిస్తారు. ఆవిడ సంతోషపడతారు, మనమూ బయటపడతాం."

రీలమ్మ అవుననలేదు, కాదననూలేదు. నిజానికి ఆ మాటకు ఆమె ప్రాణం లేచి వచ్చింది. అలా లేచి వచ్చినందుకు సిగ్గు కూడా వేసింది.

గురువారం రేకుల మాస్టారు వచ్చాడు. ఆ నలభై సెకన్లూ వింటున్నంతసేపూ తల వంచుకుని నిలబడ్డాడు. మళ్ళీ వేయమన్నాడు. తన డబ్బాల గురించి కాపలావాళ్ళు వేసే జోకులన్నిటికీ నవ్వే మనిషి ఆ రోజు నవ్వలేదు. ఆఫీసరు చెప్పిన ఉపాయం విని, "వాయిస్తానండీ" అన్నాడు. "ఈ చివరకు అతుకు కనపడకుండా ఎనిమిది నిమిషాలూ వాయిస్తాను. ఎవరూ పట్టుకోలేరు. కానీ ఇది ఆవిడ గీసిన ధ్వని అని మాత్రం నా చేత చెప్పించకండి. ఆవిడ నా దగ్గరకొచ్చి దండం పెడితే నేనేం చెయ్యాలి?"

ఆ రెండు రోజులూ రీలమ్మ పరిస్థితి దొంగకు తేలు కుట్టినట్టయింది, అరవడానికీ లేదు, ఊరుకోవడానికీ లేదు. తుడిచిన రీలును ల్యాబువాళ్ళు ఈసారి మారుమాట లేకుండా తీసుకుని, శుక్రవారానికి నకలు తీసి పంపారు, ఎంత శుభ్రంగా ఉందో అని చీటీ మీద మెచ్చుకోలు కూడా రాసి. ఉద్యోగం పోతుందన్న భయం ఆమెకు పెద్దగా లేదు. ఆమె భయం వేరు. ఆరేళ్ళ కిందట నలుగురిలో అన్న మాటను ఇప్పుడు చేసి చూపించినట్టయింది. కావాలని చేయలేదంటే అక్క నమ్మదు. అక్క సంగతి అటుంచితే తనకే నమ్మకం చిక్కడం లేదు. చుక్కలు ఒక్కొక్కటే పోతుంటే ఆ కూనిరాగం ఎందుకు వచ్చింది? బూజు వదులుతున్నందుకేనా? ఈ ప్రశ్న పొద్దున పళ్ళు తోముకునేటప్పుడు మొదలయ్యేది, బస్సులో వెంట వచ్చేది, బల్ల దగ్గర కూర్చుంటే ఎదురుగా కూర్చునేది.

శనివారం మధ్యాహ్నం ఆమె మూడు గుడ్డలనూ ఒక ప్లాస్టిక్ సంచిలో పెట్టుకుని అక్క ఇంటికి వెళ్ళింది. ఎందుకు పెట్టుకుందో ఆమెకే తెలియదు. మూడో అంతస్తు. మెట్ల మీద రెండుసార్లు ఆగింది. ఆయాసం ఒక కారణం మాత్రమే.

అక్క తలుపు పూర్తిగా తీసింది. ఏం పని అని అడగలేదు. "రా, కూర్చో" అంది. ఆరేళ్ళలో అదే మొదటి మెత్తటి మాట.

గది నిండా గోడలకానించిన బొమ్మలు, ఒక కుర్చీ మీద రేపటికని ఇస్త్రీ చేసిన బట్టలు. అక్క టీ తెచ్చింది. కప్పు సగమే పోసింది, చేతులు వణికి ఒలుకుతుందని. కూర్చున్నాక తనే మొదలుపెట్టింది. చెవి మిషనుకు కొత్త బ్యాటరీలు వేయించిందట. పక్కింటివాళ్ళను కూడా రమ్మందట. చివర్లో ఎక్కడో మెట్లెక్కే చప్పుడు లాంటిది రావాలనుకుని గీసిందట, వస్తుందో రాదో మరి. మాటల్లేని ఆరేళ్ళ గురించి ఒక్క ముక్క ఎత్తలేదు. కడుపు నిండా సంతోషమున్న మనిషికి పాత కోపాలకు చోటుండదు.

"ఆడించేది నువ్వేనని ఆఫీసరు చెప్పాడు. పోన్లే అనుకున్నాను. నువ్వయితే జాగ్రత్తగా చేస్తావు" అంది.

రీలమ్మ కప్పు కింద పెట్టింది. వచ్చే దారిలో కూర్చుకున్న మాటలన్నీ ఎగిరిపోయాయి. "అక్కా, అంచు తుడిచేశాను" అంది. "బూజనుకున్నాను."

అక్కకు వెంటనే అర్థం కాలేదు. చెవి మిషను సరిచేసుకుని మళ్ళీ చెప్పమంది. రీలమ్మ మళ్ళీ చెప్పింది. రెండోసారి చెప్పడం మొదటిసారి కన్నా కష్టమైంది.

"ఎంత?"

"ఎనిమిది నిమిషాల పైన. చివరి నలభై సెకన్లు ఉన్నాయి."

"మెట్లు ఉన్నాయా?"

"ఉన్నాయి. వినిపిస్తున్నాయి. నువ్వనుకున్నట్టే ఉన్నాయి."

అక్క తల ఊపింది. రీలమ్మ సంచిలోంచి గుడ్డలు తీసి బల్ల మీద పెట్టింది. అక్క వాటిని ఒక్కొక్కటీ విప్పి, అంచులు లాగి, పక్కపక్కన పరిచింది. మూడింటి మీదా పొడుగాటి నల్ల మరకలు. వణికే వేలితో ఒక మరక పొడవునా రాసింది, ఎక్కడో చుక్క మిగిలిందేమో వెతుకుతున్నట్టు. తొమ్మిది నెలలు పట్టిందని ఎవరికో చెబుతున్నట్టు చెప్పింది. తరవాత తలెత్తి చెల్లెలి ముఖంలోకి చూసింది.

"ఈసారి ఎవరు చెప్పారే తుడవమని? అమ్మ కూడా లేదుగా."

అక్క అరిచి ఉంటే రీలమ్మ ఓర్చుకునేది. అంత మెల్లగా అడిగేసరికి ఆమెకు ఏడుపు ముంచుకొచ్చింది. ముక్కు చీదుకుని, కావాలని చేయలేదంది. ఆ మాట తన చెవికే అరువు తెచ్చుకున్నట్టు వినపడింది.

"ఒక్కసారి ఫోను చేసి అడిగి ఉంటే చెప్పేదాన్ని కదా" అంది అక్క.

"నువ్వు ఎత్తవు కదక్కా."

"ఎత్తేదాన్ని కాదులే" అని అక్క ఒప్పుకుంది.

ఆ తరవాత చెప్పుకోవడానికి ఎక్కువ మిగల్లేదు. ఆఫీసరు ఉపాయమూ, మాస్టారు అన్నదీ రీలమ్మ దాచకుండా చెప్పేసింది. అక్క అంతా విని, ఏమీ వాయించవద్దని చెప్పమంది. ఎలా ఉన్నది అలా ఆడించమంది. రేపు వస్తావా అని అడిగితే జవాబివ్వలేదు. గుడ్డలు తిరిగి తీసుకోబోతే చెయ్యి అడ్డం పెట్టి, "అవి ఉండనీ" అంది. రీలమ్మ మెట్లు దిగేటప్పుడు వెనక తలుపు పడే చప్పుడు కోసం చూసింది. ఆమె వీధిలోకి వచ్చేదాకా అది పడలేదు.

ఆదివారం హాలు నిండింది. ప్రొజెక్టరు గది హాలుకు వెనక, కాస్త ఎత్తులో ఉంటుంది. యంత్రం రొద బయటకు పోకుండా కిటికీకి రెండు పొరల మందపాటి గాజు. లోపల ఏం జరిగినా హాల్లోకి వినపడదు, హాల్లో జరిగేది మాత్రం చిన్న స్పీకరులోంచి లోపలికి వినపడుతుంది. ముప్ఫయ్యేళ్ళుగా ఆ ఏర్పాటు రీలమ్మకు ఎంతో సుఖంగా ఉండేది. అక్క వచ్చింది. ఇస్త్రీ బట్టలు కట్టుకుని, పక్కింటివాళ్ళను వెంటబెట్టుకుని వచ్చి ముందు వరసలో కూర్చుంది. వెనక్కి తిరిగి చూడలేదు. అక్క వద్దన్నదని రీలమ్మ చెప్పడంతో రేకుల మాస్టారు తన డబ్బాల ముందు చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. ఆ మాట తన దాకా రాక, ఏం చేయబోతున్నారో తెలియక ఆఫీసరు గోడకు చేరగిలబడి చెమటలు తుడుచుకుంటున్నాడు.

దీపాలు ఆరాయి. ఫిల్ము మొదలైంది.

ఎర్రటి గీత ఒకటి తెర కింద అంచు నుంచి పాకి, మధ్యకొచ్చి తటపటాయించి, రెండుగా చీలింది. నీలపు మరకలు పైనుంచి ఒక్కొక్కటే పడి, నేలకు తగిలి అదిరాయి. అదిరిన ప్రతిసారీ అక్కడొక చప్పుడు ఉండాలి. చీలినచోట ఒకటి ఉండాలి. తటపటాయించినచోట ఆగిపోవాలి. రీలమ్మకు ఇప్పుడు ప్రతి చోటా తెలుస్తోంది, తను ఏ గుడ్డతో ఏది ఎత్తేసిందో. జీవితమంతా పిచ్చిగీతలనుకున్నవి ఆ రోజు మొదటిసారి అర్థమయ్యాయి, అదీ సగమే మిగిలాక. స్పీకరులో చిన్న బుస తప్ప ఏమీ లేదు. పాత ఫిల్ములో చిటపటలైనా ఉండాలి, అవి కూడా లేవు. అంత బాగా తుడిచింది.

మూడో నిమిషంలో జనం కదిలారు, దగ్గారు. ఐదో నిమిషానికి దగ్గు కూడా ఆగిపోయింది. ఎవరో ఊపిరి పీల్చడం వినిపించేంత నిశ్శబ్దం. రీలమ్మ గడియారం వైపు చూడకూడదనుకుని చూస్తూనే ఉంది. అక్క తల నిటారుగా, కదలకుండా ఉంది. ఎనిమిది నిమిషాల ఇరవై సెకన్లకు ఆ లోతైన మూలుగు మొదలైంది. హాలంతా ఒక్కసారి ఉలిక్కిపడింది. మెట్టు, మరో మెట్టు, మరొకటి. అక్క ముందుకు వంగి, రెండు చేతులూ రెండు చెవుల వెనక పెట్టుకుంది. తెర వైపు చూడటం లేదు, కళ్ళు మూసుకుంది. నాలుగు చిటికెలు దూరమయ్యాయి. తెర తెల్లబడింది.

తరవాత చప్పట్లు మొదలై ఎంతకీ ఆగలేదు. రీలమ్మ చెయ్యి అలవాటుగా మీట మీదికి వెళ్ళి హాలు దీపాలు వేసింది, తన గది దీపం కూడా దాంతోనే వెలిగింది. ఆఫీసరు ముఖం వెలిగిపోయింది. మైకు తీసుకుని, అక్కను లేచి నిలబడమని, ప్రశ్నలేమైనా ఉంటే అడగమన్నాడు.

రెండో వరసలోంచి ఒకావిడ లేచింది. కళ్ళు తుడుచుకుంటూ మాట్లాడింది. ఇంత నిశ్శబ్దాన్ని తను ఎక్కడా వినలేదని, అంతసేపు ఏమీ లేకుండా ఉంచి చివర్లో ఆ చప్పుడు తేవడానికి ఎంత ధైర్యం కావాలో అని, ఆ నిశ్శబ్దాన్ని ఎలా ఊహించగలిగారని అడిగింది. ముందు వరసల్లో చాలా తలలు అవునన్నట్టు ఊగాయి.

అక్క మైకును రెండు చేతులతో పట్టుకుంది. అయినా వణికింది.

"ధ్వని నేను గీశాను" అంది. "ఆ నిశ్శబ్దం నాది కాదు. మా చెల్లెలు చేసింది. అదిగో, ఆ గదిలో ఉంది."

హాలంతా వెనక్కి తిరిగింది. నూటయాభై ముఖాలు వెలుగుతున్న ఆ గాజు వైపు చూశాయి. ముందు ఎవరో ఒకరు కొట్టారు, తరవాత అందరూ కొట్టారు, కొందరు లేచి నిలబడి మరీ కొట్టారు. ఆఫీసరు అందరికన్నా గట్టిగా కొట్టాడు. రేకుల మాస్టారు మాత్రం నేల చూపులు చూస్తూ కూర్చున్నాడు. ఆరేళ్ళ తరవాత అక్క నోట మా చెల్లెలు అన్న మాట వినపడింది, ఆ మాట వచ్చిన తీరుకు రీలమ్మ గుండె నలిగిపోయింది. అది క్షమించడమో శిక్షించడమో ఆమె తేల్చుకోలేకపోయింది. రెండూ అయి ఉండవచ్చు, అక్క ఎప్పుడూ ఒకే రంగుతో గీసింది లేదు.

ఆ చప్పట్లు తీసుకోవడం ఆమె వల్ల కాలేదు. గాజుకు దగ్గరగా వచ్చి, "నేను చెయ్యలేదు. తుడిచేశాను. పొరపాటున తుడిచేశాను" అంది. గట్టిగానే అంది. రెండు పొరల గాజు దాటి ఒక్క అక్షరం కూడా అవతలికి వెళ్ళలేదు. పెదవులు కదలడం చూసి ఆమె కృతజ్ఞతలు చెబుతోందనుకుని జనం ఇంకా గట్టిగా చప్పట్లు కొట్టారు.

అక్క కొట్టలేదు. మైకు ఆఫీసరుకిచ్చేసి, చెల్లెలి పెదవుల వైపే చూస్తూ, ఆమె చెప్పడం పూర్తయ్యేదాకా అలాగే నిలబడింది.